చలికి చోటివ్వని చిల్లుల దుప్పటి

ఈ దుప్పటిలో ఎక్కడ వేలు పెట్టినా అవతలికి వచ్చేస్తుంది. అల్లికలో అడుగడుగునా సందులే. అలాంటి దాన్ని పసిబిడ్డకు చుట్టి, బయట మైనస్ 40 డిగ్రీల చలి ఉన్న రాత్రుల్లో ఉత్తర కెనడా అడవుల తల్లులు ధైర్యంగా పడుకోబెట్టారు. ఉచ్చుల్లో పడిన కుందేళ్ల తోళ్లను పీలికలుగా కోసి, తాళ్లుగా పేని, చేతివేళ్లతో అల్లిన దుప్పటి అది. క్రీ, ఒజిబ్వే, డెనే జాతుల ఆడవాళ్లు తరతరాలుగా ఆ పని చేస్తూ వచ్చారు. చలిని ఎదుర్కోవడానికి మనిషి చేసుకున్న వస్తువుల్లో ఇంత నాసిరకం సరుకుతో ఇంత గొప్ప పని చేయించినది అరుదని నా అభిప్రాయం.

మన లెక్కలో దుప్పటి అంటే సందు లేకుండా ఉండాలి. దక్కన్ గొర్రె ఉన్నితో నేసే గొంగడినే తీసుకోండి. పడుగు దారాలకు చింతగింజల గంజి పట్టించి, బిగువుగా నేస్తారు. గాలి గానీ వాన గానీ తొందరగా లోపలికి దిగవు. ఎండనకా వాననకా మంద వెంట తిరిగే కురుమ, గొల్ల కాపరులకు కావలసింది అదే. కుందేలు తోలు దుప్పటిది పూర్తిగా వేరే దారి. గాలిని బయట ఆపే పని దానికి అప్పజెప్పలేదు. గాలిని లోపల పట్టి ఉంచి, కదలనివ్వకుండా చేయడమే దాని పని. ఆ పని ఎలా జరుగుతుందో తెలియాలంటే జంతువు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఎవరికీ అక్కర్లేని తోలు

మనవాళ్లు ఇళ్లలో పెంచే తెల్ల కుందేలు వేరు, ఇది వేరు. దీన్ని స్నోషూ హేర్ అంటారు. శాస్త్రనామం లెపస్ అమెరికానస్. మన మెట్ట చేలల్లో, చిట్టడవుల్లో కనిపించే చెవులపిల్లి కూడా ఈ లెపస్ ప్రజాతిలోదే, రెండూ దాయాదులన్నమాట. బరువు కిలోన్నర అటూ ఇటూ ఉంటుంది. వెనక పాదాలు ఒంటికి మించినంత పెద్దవి. వేళ్లు విచ్చుకుని, అడుగున గట్టి బొచ్చుతో నిండి, మెత్తటి మంచులో దిగబడకుండా మోస్తాయి.

వేసవిలో ఇది గోధుమరంగులో ఉంటుంది, చలికాలం వచ్చేసరికి తెల్లబడుతుంది. రంగు మారమని చెప్పేది చలి అనుకుంటాం గానీ, అసలు సంకేతం పగటి పొడవు. పగళ్లు కురచవుతున్నాయని కన్ను పసిగడుతుంది. రాత్రి పెరిగేకొద్దీ మెదడులో మెలటొనిన్ ఎక్కువసేపు ఊరుతుంది. పాత వెంట్రుకలు రాలి కొత్తవి మొలుస్తాయి. కొత్త బొచ్చు తెల్లగానే కాదు, పొడవుగా, ఒత్తుగా కూడా ఉంటుంది. అందుకే దుప్పటికి పనికొచ్చేది చలికాలపు తోలు మాత్రమే. వేసవిలో పట్టిన కుందేలును వండుకు తినవచ్చు గానీ, దాని తోలుతో దుప్పటి అల్లితే శ్రమ దండగ.

ఆ బొచ్చులో రెండు వరసలున్నాయి. పైన పొడవాటి ముదురు వెంట్రుకలు, వాటి కింద నలిపితే వేళ్లకు తెలియనంత సన్నటి అడుగు బొచ్చు. అడుగు బొచ్చులో ఒక్కో వెంట్రుక మందం మన తలవెంట్రుకలో ఐదో వంతు ఉంటుందేమో. ప్రతి వెంట్రుక లోపలా వరసలు వరసలుగా గాలి గదులున్నాయి. నేర పరిశోధన ప్రయోగశాలల్లో కుందేలు వెంట్రుకను మిగతా జంతువుల వెంట్రుకల నుంచి వేరుగా గుర్తుపట్టేది ఈ గదుల వరసలను బట్టే. అంటే వెంట్రుకల మధ్యనే కాదు, వెంట్రుకలోనూ గాలి ఉంది.

బొచ్చు ఎంత గొప్పదో తోలు అంత నాసి. తడి మీద ఉన్నప్పుడు కాస్త గట్టిగా లాగితే చిరుగుతుంది. ఎండితే పెళుసెక్కుతుంది. దాన్ని పరిచి ముక్కలు అతికి కోటు కుడితే మోచేతుల దగ్గర, కుట్ల దగ్గర పీలికలైపోతుంది. 1670లో మొదలైన హడ్సన్స్ బే కంపెనీ ఆ అడవుల నుంచి ఐరోపాకు తరలించిన సరుకులో ముందు నిలిచింది బీవర్ తోలు. దాని అడుగు బొచ్చుతో లండన్, పారిస్ దొరలకు ఫెల్ట్ టోపీలు తయారయ్యేవి. ఆ బేరాల్లో కుందేలు తోలుకు దక్కిన విలువ అంతంతమాత్రం. వ్యాపారానికి పెద్దగా పనికిరాలేదు కాబట్టే అది ఇంట్లో నిలిచింది. వేటకు దూరం వెళ్లే మగవాళ్ల చేతుల్లోకి కాక, గుడారం చుట్టుపక్కల ఉచ్చులు పెట్టే ఆడవాళ్ల, పిల్లల, ముసలివాళ్ల చేతుల్లోకి వచ్చింది.

ఉచ్చు పెట్టే చోటు

కుందేలు మంచులో ఇష్టమొచ్చినట్టు తిరగదు. విల్లో పొదల మధ్య తాను తొక్కి చదును చేసుకున్న బాటల వెంటే రోజూ పోతుంది. ఆ బాటను చూసి, అది ఇరుకైన చోట రెండు పక్కలా కొమ్మలు గుచ్చి, మధ్యలో ఉచ్చు వేలాడదీస్తారు. ఉచ్చు గుండ్రం పిడికిలి పట్టేంత, నేల నుంచి ఎత్తు నాలుగు వేళ్లు. ఎత్తు తక్కువైతే కాళ్లకు తగులుతుంది, ఎక్కువైతే తల కింద నుంచి పోతుంది.

ఉచ్చుతాడు మునుపు జంతువుల నరాలతోనో, చెట్టు నారతోనో పేనేవారు. ఇక్కడే ఒక చిక్కుంది. కుందేలు పళ్లు కొరికే పళ్లు. నారతాడును క్షణాల్లో తెంపుకుని పోగలదు. దానికి విరుగుడుగా ఉచ్చును వంచి కట్టిన ఒక కొయ్యకు తగిలించేవారు. ఉచ్చు బిగియగానే ఆ కొయ్య పట్టు తప్పి పైకి లేస్తుంది, కుందేలు నేల విడిచి గాలిలో వేలాడుతుంది. తాడు కొరికే వీలుండదు, ప్రాణం త్వరగా పోతుంది, నక్కలు, అడవి పిల్లులు వచ్చి నోట కరుచుకుపోయే ప్రమాదమూ తగ్గుతుంది. తర్వాత ఇత్తడి తీగ వచ్చాక పని సులువైంది. మంచులో బిగుసుకుపోయిన కుందేళ్లను మోపుగా తెచ్చి, గుడారంలో కరగనిచ్చి, తోలు తీసేవారు. మాంసం కుండలోకి, తోలు దండెం మీదికి.

పీలిక, పేట, ముడిలేని అల్లిక

ఇక అసలు నేర్పు. కుందేలు పొట్ట చీల్చి తోలు తీయరు. వెనక కాళ్ల దగ్గర గాటు పెట్టి, తల వైపుకు లాగి గొట్టంలా ఊడదీస్తారు. ఆ గొట్టాన్ని ఒక చివర నుంచి వేలెడు వెడల్పున చుట్టూ తిప్పుతూ, బత్తాయి తొక్కను తెగకుండా ఒకే చుట్టగా ఒలిచినట్టు, కోసుకుంటూ పోతారు. చివరికి చేతిలో మిగిలేది ఒకే ఒక్క పొడవాటి పీలిక. తోలును ఊనడం, పదును చేయడం లాంటి పనులేమీ లేవు. పచ్చితోలే.

ఆ పీలికను తడి ఆరకముందే మెలిపెడతారు. తోలు లోపలి వైపు ఎండుతూ ముడుచుకుంటుంది కాబట్టి పీలిక అంచులు వాటంతటవే లోపలికి చుట్టుకుంటాయి. మెలి దానికి తోడవుతుంది. తోలులోని కొలాజెన్ పోగులు తడిగా ఉన్నంతసేపూ ఒకదాని మీద ఒకటి జారుతాయి. నీరు పోయాక ఒకదానికొకటి అంటుకుని, ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే బిగుసుకుంటాయి. అలా బలహీనమైన తోలు తాడు నడుమ వెన్నులా దాక్కుంటుంది, బొచ్చు నాలుగు వైపులా విచ్చుకుంటుంది. పరిచిన తోలుకు ఒక వైపే బొచ్చు. ఈ తాడుకు బొచ్చు లేని వైపంటూ లేదు. ఒక చోట చిరిగినా మెలి దాన్ని పట్టి ఉంచుతుంది. ఎవరూ కొనని నాసి తోలు ఈ ఒక్క మెలితో గట్టి సరుకైంది.

కాస్త లెక్క వేసి చూద్దాం. తోలు గొట్టం పొడవు 30 సెంటీమీటర్లు, చుట్టుకొలత 30 సెంటీమీటర్లు అనుకుందాం. పీలిక వెడల్పు రెండున్నర సెంటీమీటర్లయితే 12 చుట్లు వస్తాయి, అంటే 3.6 మీటర్ల తాడు. అలాంటివి 100 తోళ్లు కలిపితే 360 మీటర్లు. విస్తీర్ణంలో చూస్తే 100 తోళ్లు కలిసి 9 చదరపు మీటర్లు. దుప్పటి 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉంటే దాని విస్తీర్ణం 3 చదరపు మీటర్లు. అంటే ఒక దుప్పటంత జాగాలో మూడు దుప్పట్లకు సరిపడే బొచ్చు సర్దుకుంది. అల్లికలో సందులు ఉండగానే ఇంత బొచ్చు పట్టింది.

అల్లడానికి మగ్గం అక్కర్లేదు. నాలుగు కర్రలతో ఒక చట్రం కట్టి, చుట్టూ అంచుతాడు బిగిస్తారు. పై అంచున తాడుతో వదులు వదులుగా ఉచ్చుల్లాంటి మెలికలు వేసుకుంటూ పోయి, తర్వాతి వరుస మెలికలను పై వరుస మెలికల్లోంచి దూరుస్తారు. ముడి ఎక్కడా పడదు. ఒక పీలిక అయిపోతే దాని చివర ఇంకో పీలికను కలిపి కొనసాగిస్తారు. ముళ్లు లేవు కాబట్టి అల్లిక అన్ని వైపులా సాగుతుంది, ఒంటి వంపులకు అతుక్కుంటుంది. పిల్లల కోటులు కూడా ఇదే అల్లికతో చేసేవారు.

వెచ్చదనం ఎక్కడుంది

బొచ్చు వేడిని పుట్టించదు. వేడి పుట్టేది ఒంట్లో. దాన్ని తొందరగా జారిపోనివ్వకుండా ఆపేది గాలి. గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా పోనిచ్చే గుణం, మీటరుకు డిగ్రీకి 0.025 వాట్ల దగ్గర ఉంటుంది. నీటిది 0.6, అంటే దాదాపు 24 రెట్లు. తడి బట్టల్లో వణుకు అందుకే. అయితే గాలికి ఒక దుర్గుణం ఉంది, అది ఒక చోట నిలవదు. వేడెక్కితే పైకి లేస్తుంది, దాని చోటులోకి చల్లగాలి వస్తుంది. ఆ కదలిక ఆపగలిగితే గాలిని మించిన కంబళి లేదు. సన్నటి వెంట్రుకలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే వాటి మధ్య గాలి ఆ ఉపరితలాల రాపిడికి కదలలేక ఆగిపోతుంది. 1950లో ఫలితాలు ప్రచురించిన షోలాండర్ బృందం ధ్రువ ప్రాంతపు, ఉష్ణమండలపు జంతువుల చర్మాలను వరుసగా కొలిచి చూసినప్పుడు తేలింది కూడా ఇదే. బొచ్చు వేడిని ఆపే శక్తి ప్రధానంగా దాని మందాన్ని బట్టి ఉంటుంది. ఏ జంతువుది అన్నది ఆ తర్వాతి మాట.

చిన్న జంతువుకు ఇక్కడ ఒక హద్దు ఉంది. కిలోన్నర బరువున్న కుందేలు అర అడుగు మందాన బొచ్చు పెంచుకుంటే అడుగు తీసి అడుగు వేయలేదు. ఆ జంతువు చేయలేని పనిని పీలిక చేసింది. తాడు చుట్టూ బొచ్చు నిలవడంతో మందం రెట్టింపైంది. పక్క పక్క తాళ్ల బొచ్చు సందుల్లోకి విచ్చుకుని ఒకదానితో ఒకటి కలిసిపోయింది. వేలు దూరేది తాడుకూ తాడుకూ మధ్య. వేలు తీయగానే బొచ్చు ఆ సందును కప్పేస్తుంది.

ఇది చలిని ఎంతవరకు ఆపగలదో ఉజ్జాయింపుగా చూడవచ్చు. నిద్రలో పెద్ద మనిషి ఒళ్లు 70 నుంచి 80 వాట్ల వేడి పుట్టిస్తుంది. దుప్పటి మందం 3 సెంటీమీటర్లు, బొచ్చు ఉష్ణవాహకత 0.04, ఒంటి ఉపరితలం 1.7 చదరపు మీటర్లు, చర్మపు వేడి 33 డిగ్రీలు అనుకుంటే, చుట్టూ గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు బయటికి పోయే వేడి సుమారు 75 వాట్లు. ఒంట్లో పుట్టేదీ పోయేదీ సరికి సరి. మైనస్ 40 దగ్గర ఈ నష్టం 165 వాట్లకు పెరుగుతుంది, కానీ దుప్పటిని రెండు మడతలు వేస్తే మళ్లీ 80 పైచిలుకుకు దిగుతుంది. పైగా అక్కడ ఎవరూ ఒంటరిగా పడుకోరు. తల్లీ పిల్లలూ ఒకే దుప్పటి కింద, గుడారం మధ్యలో నిప్పు. బొచ్చు నలిగితే గాలి పోతుంది కాబట్టి కింద పరుచుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. పడక కింద స్ప్రూస్ కొమ్మలు, వాటి మీద కారిబూ తోలు.

సందులకు ఇంకో ఉపయోగం ఉంది. నా దృష్టిలో ఈ దుప్పటి అసలు గొప్పతనం అదే. నిద్రలో కూడా ఒంటి నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది, చెమట పట్టకపోయినా. బిగువైన పరుపుల్లో, సంచుల్లో ఆ ఆవిరి బయటపడే లోపే చల్లబడి మంచుగా గడ్డకడుతుంది. 1911 చలికాలంలో స్కాట్ అన్వేషణ యాత్రకు చెందిన ముగ్గురు అంటార్కిటికాలోని కేప్ క్రోజియర్‌కు ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం వెళ్లారు. వాళ్ల రెయిన్‌డీర్ తోలు నిద్ర సంచుల్లో రోజురోజుకూ మంచు పేరుకుని, తిరిగి వచ్చేసరికి ఒకరి సంచి బరువు రెట్టింపు దాటింది. రాత్రి లోపల దూరాలంటే ముందు సంచిని ఒంటి వేడితో కరిగించుకోవాలి. సందుల దుప్పటిలో ఆవిరికి దారి ఉంది. పైన కాస్త మంచు పట్టినా పొద్దున్నే బయట దులిపితే రాలిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈదురుగాలిలో ఇది ఒంటరిగా నిలవదు, పైన తోలు కప్పు ఉండాలి. వెంట్రుకలు రాలతాయి, కూరలోనూ కనిపిస్తాయి, పసిపిల్లల నోట్లోనూ. బట్ట దొరకడం మొదలయ్యాక చాలామంది దీనికి గుడ్డ గలీబు కుట్టుకున్నారు. కొన్నేళ్లకు అరిగిపోతుంది, మళ్లీ అల్లాల్సిందే.

పదివేల ఏళ్ల కిందటి దుప్పటి

ఉత్తరాన ఉచ్చులైతే, దక్షిణాన వలలు. అమెరికాలోని నెవాడా, యూటా రాష్ట్రాల గ్రేట్ బేసిన్ ఎడారిలో పైయూట్, షోషోని జాతులవాళ్లు నల్లతోక జాక్‌రాబిట్‌ను సామూహికంగా వేటాడేవారు. పినియన్ పైన్ గింజలు ఏరుకోవడం అయ్యాక, చలి ముదిరే ముందు కుటుంబాలన్నీ ఒక చోట చేరేవి. డాగ్‌బేన్ నారతో అల్లిన వలలను ఒకదానికొకటి కలిపి వందల అడుగుల పొడవున నిలబెట్టి, అరుపులతో కుందేళ్లను వాటిలోకి తరిమేవారు. ఆ వేటకు ఒక పెద్ద ఉండేవాడు, ఎవరు ఎక్కడ నిలబడాలో అతనే చెప్పేవాడు. అక్కడ కూడా తోలు పీలికలు మెలిపెట్టి తాళ్లు చేసేవారు. అయితే అల్లిక వేరు. బొచ్చుతాళ్లను పడుగుగా పరిచి, నారతాడును జంటగా మెలిపెడుతూ అడ్డంగా దూర్చేవారు. పెద్దవాళ్ల దుప్పటికి దాదాపు 100 తోళ్లు, పిల్లలదానికి 40 పట్టేవని పైయూట్ పెద్దల నుంచి నమోదైన మాట.

ఈ విద్య ఎంత పాతదో తెలిపిన మనిషి ఒకడున్నాడు. 1940లో నెవాడాలోని స్పిరిట్ కేవ్ అనే గుహలో సిడ్నీ, జార్జియా వీలర్ దంపతులకు ఎండు గాలికి చెడిపోకుండా మిగిలిన ఒక శరీరం దొరికింది. కాళ్లకు తోలు చెప్పులు, చుట్టూ కుందేలు తోలు దుప్పటి, దాని మీద తుంగ చాపలు. రెండు వేల ఏళ్ల నాటిది కావచ్చని అప్పట్లో అనుకున్నారు. 1990లలో రేడియోకార్బన్ పరీక్ష చేస్తే పదివేల ఏళ్లు దాటింది. అతని వారసులం మేమేనని ఫాలన్ పైయూట్-షోషోని తెగవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. ఎస్కే విల్లర్‌స్లెవ్ బృందం డీఎన్‌ఏ చదివి అతను అమెరికా ఆదివాసుల పూర్వీకుడేనని తేల్చింది. 2016లో అతన్ని తెగకు అప్పగించారు, 2018లో వాళ్ల ఆచారం ప్రకారం మళ్లీ మట్టిలో పెట్టారు.

మరింత దక్షిణాన, నేటి యూటా, అరిజోనా ఎగువ ప్రాంతాల్లో, క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో ఇదే తాడు సూత్రం ఇంకో సరుకుకు మళ్లింది. ప్యూబ్లో జాతుల పూర్వీకులు కుందేలు తోలు స్థానంలో టర్కీ కోడి ఈకలను తాళ్లకు చుట్టడం మొదలుపెట్టారు. సుమారు 800 ఏళ్ల కిందటి అలాంటి ఒక దుప్పటిని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2020లో వివరాలు ప్రచురించారు. మీటరు పొడవు వెడల్పుల దుప్పటిలో 180 మీటర్లకు పైగా యక్కా నారతాడు, దానికి చుట్టిన ఈకలు 11,500 పైన. బతికున్న కోళ్ల నుంచే, అవి ఈకలు రాల్చే కాలంలో నొప్పి లేకుండా తీసి ఉండవచ్చని వాళ్ల అంచనా. కోడి బతికే ఉంటుంది, మళ్లీ ఈకలు వస్తాయి. కుందేలుతో ఆ వీలు లేదు.

పదేళ్లకోసారి ఖాళీ అయ్యే అడవి

ఉత్తరాది కుందేలుకు ఒక విచిత్రమైన లయ ఉంది. అడవి నిండా కుందేళ్లు, ఆ తర్వాత నాలుగైదేళ్లలో వెతికినా కనపడనంత కరువు, మళ్లీ పెరుగుదల. ఒక చక్రం 8 నుంచి 11 ఏళ్లు. హడ్సన్స్ బే కంపెనీ దశాబ్దాల తరబడి రాసిపెట్టిన లింక్స్ అనే అడవి పిల్లి తోళ్ల లెక్కలు తిరగేసి 1942లో చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్ ఈ పదేళ్ల లయను చూపించారు. కుందేలును తినే లింక్స్ సంఖ్య కుందేలు వెనకే పెరిగి, కుందేలు వెనకే పడిపోతుంది.

కారణం ఆకలా, వేటాడే జంతువులా అన్న వాదన చాలాకాలం నడిచింది. యూకాన్‌లోని క్లువానీ సరస్సు దగ్గర చార్లెస్ క్రెబ్స్ బృందం కిలోమీటరు పొడవు వెడల్పుల అడవి ముక్కలను ఎంచుకుని తేల్చింది. కొన్నిటికి తిండి అదనంగా అందించారు, ఒకదానికి వేటజంతువులు రాకుండా కంచె కట్టారు, ఇంకో చోట రెండూ చేశారు. 1995లో వెలువడిన ఫలితం ఇది. కంచె ఒక్కటే ఉన్న చోట కుందేళ్లు రెట్టింపయ్యాయి, తిండి ఒక్కటే పెంచిన చోట మూడింతలయ్యాయి, రెండూ కలిసిన చోట 11 రెట్లు. రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయన్నమాట. భయం కూడా ఒక కారణమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. లింక్స్ భయంలో బతికే తల్లి కుందేళ్ల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు పెరిగి, పిల్లలు తక్కువగా, బలహీనంగా పుడతాయి.

దుప్పటి అల్లేవాళ్లకు ఈ లయ గ్రాఫులో గీత కాదు. కుందేళ్లు పుష్కలంగా ఉన్న ఏడాది పిల్లలందరికీ కొత్త దుప్పట్లు. లేని ఏడాది పాతవే చిరుగులు కలిపి కప్పుకోవాలి, పైగా కుండలోనూ ఏమీ ఉండదు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోని ఫోర్ట్ గుడ్ హోప్ ప్రాంతపు డెనే ప్రజలను తెల్లవాళ్లు హేర్ ఇండియన్లు అని రాసుకున్నది వాళ్లు తిండికీ బట్టకీ ఈ జంతువు మీదే ఆధారపడ్డారు కాబట్టి. కుందేళ్లు మాయమైన చలికాలాల్లో వాళ్లు ఆకలి చావులు చూశారు.

కుందేళ్లు ఉన్నా అవొక్కటే తిని బతకలేరు. దాని మాంసంలో కొవ్వు దాదాపు లేదు. ఒంటికి కావలసిన శక్తి అంతా మాంసకృత్తుల నుంచే రావాల్సి వస్తే, వాటిలోని నత్రజనిని యూరియాగా మార్చి పంపేయడం కాలేయానికి శక్తికి మించిన పని అవుతుంది. కడుపు నిండా తింటూనే మనిషి నీరసించి, విరేచనాలతో కుంగిపోతాడు. అందుకే అక్కడ చేప, బీవర్, ఎలుగుబంటి కొవ్వుకు అంత విలువ. తోలు తీసేటప్పుడు చేతికి గాయం ఉంటే ఇంకో ప్రమాదం, తులరేమియా. 1911లో కాలిఫోర్నియాలోని తులేర్ కౌంటీ ఉడతల్లో తొలిసారి గుర్తించిన ఈ బాక్టీరియా జబ్బు కుందేళ్ల నుంచి మనిషికి అంటుతుంది. ఈ రోజుల్లో తోలు తీసేవాళ్లు చేతి తొడుగులు వేసుకోక తప్పదు.

తెల్లబడని కుందేళ్లు

దుప్పటి అల్లికతో పాటు దాని సరుకు కూడా ఇప్పుడు మార్పు దశలో ఉంది. మంచు ఆలస్యంగా పడి తొందరగా కరుగుతోంది. పగటి పొడవు మాత్రం మారలేదు. కాబట్టి కుందేలు తన లెక్క ప్రకారం తెల్లబడుతుంది, చుట్టూ నేల గోధుమరంగులోనే ఉంటుంది. అలాంటి కుందేళ్లను వేటజంతువులు ఎక్కువగా పట్టేస్తున్నాయని స్కాట్ మిల్స్ బృందం మోంటానాలో చూపించింది.

అయితే పసిఫిక్ తీరం వైపు కొన్ని చోట్ల చలికాలంలో కూడా గోధుమరంగులోనే ఉండే స్నోషూ కుందేళ్లు ఉన్నాయి. వాటి రహస్యం 2018లో బయటపడింది. రంగును నడిపే అగౌటి అనే జన్యువు రూపం ఒకటి వాటికి మరో జాతి నుంచి, పూర్వం జరిగిన సంకరం ద్వారా వచ్చింది. ఆ మరో జాతి నల్లతోక జాక్‌రాబిట్. పైయూట్‌లు ఎడారిలో వల వేసి పట్టిన కుందేలూ, క్రీలు మంచులో ఉచ్చు వేసి పట్టిన కుందేలూ ఎప్పుడో కలిశాయన్నమాట. మంచు తగ్గే రోజుల్లో స్నోషూ కుందేలును నిలబెట్టే ఆస్తి ఆ కలయికలోనే వచ్చి ఉండవచ్చు.

బొచ్చు కోసం జంతువును పట్టడం తప్పని వాదించేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఫ్యాషన్ కోటుకోసం మాంసం పారేసి తోలు మాత్రమే తీసుకునే వ్యాపారాన్ని నేనూ సమర్థించను. కానీ మాంసం తిని, తోలుతో బిడ్డను కప్పి, ఎముకల వరకు ఉపయోగించుకున్న వాళ్లను ఆ వ్యాపారంతో ఒకే గాట కట్టడం అన్యాయం. పైగా పెట్రోలియంతో చేసే సింథటిక్ దుప్పటి నేలలో కలవదు. తోలు దుప్పటి కలుస్తుంది.

ఇందులో మనం చేయకూడనిది ఒకటుంది. మన చెవులపిల్లికి ఉచ్చు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన దగ్గర దాని తోలు లేకపోతే చలికి చచ్చిపోయే పరిస్థితీ లేదు, దాన్ని దాని చేలల్లోనే వదిలేయాలి. చేయవలసింది కూడా ఒకటుంది. కెనడాలో, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి మ్యూజియాల్లో ఈ దుప్పట్లు ఉన్నాయి, ఉత్తరాది గ్రామాల్లో, నెవాడా తెగల్లో ఇప్పటికీ కొందరు పెద్దలు పిల్లలకు ఈ అల్లిక నేర్పుతున్నారు. మీ పిల్లలను తీసుకెళ్లి చూపించండి. అద్దం వెనక అది బూడిదరంగు బొచ్చు ముద్దలా కనిపిస్తుంది, ఒక్క చూపుతో దాటిపోకండి. అంచు దగ్గర ఒక తాడును కంటితో పట్టుకుని, అది ఎక్కడ మెలిక తిరిగి ఏ మెలికలోంచి దూరిందో నిదానంగా వెంబడించమని వాళ్లకు చెప్పండి.